నా గొంతు విన్నాడో లేదో

జనవరి 8, బుధవారం

ప్రధానం అయిపోయింది. ఉంగరం వదులుగా ఉంది, దారం చుట్టాలి. అవ్వ ఇంకా గిన్నెలు కడుగుతోంది. బాపు షామియానా వాళ్లతో గొడవ పడుతున్నాడు. నేను మాత్రం తలుపేసుకుని ఈ డైరీ తెరిచాను. నేను ప్రచారాలకు గొంతిచ్చే స్టూడియోలో ఓంప్రకాశన్న కొత్త సంవత్సరానికి ఇచ్చాడు. మైకు ముందు పుస్తకాల తెలుగు చదివీ చదివీ, రాద్దామని కూర్చున్నా అదే వస్తోంది. అవ్వను 'అమ్మ' అని రాయలేదు, అదే నయం. పోనీ, చదివేది నేనే కదా.

మా చర్చి ఎబినేజర్ అయ్యగారు ముందు జాన్సన్‌ను అడిగారు, తర్వాత నన్ను. "మహిమా, ఈ సంబంధము నీకు సమ్మతమేనా?" పెండ్లికూతురంటే తల దించుకుని గొణగాలట. నేను "సమ్మతమే అయ్యగారూ" అన్నాను. బయట బగారా అన్నం వండేవాళ్లకు కూడా వినబడింది. ఒకటే నవ్వులు. "మైకు పిల్లను జేస్కుంటున్నవ్‌రా, ఇగ నీ చెవులు గాయబ్!" అని మందమర్రి నుంచి వచ్చిన వాళ్ల బాబాయి అన్నాడు. జాన్సన్ ముఖం దించుకుని నవ్వాడు. సిగ్గుపడింది పెండ్లికొడుకే.

నన్ను చూడకముందే విన్నాడు ఆయన. ముందటేడు దసరాకు చీరల షాపు డిస్కౌంటు ప్రచారం చెప్పాను. ఆ రికార్డింగు ఆటోకు కట్టి మంచిర్యాల మార్కెట్లో తిప్పుతున్నారట. బొగ్గుబాయిలో షిఫ్టు దిగి వస్తూ విని, బండి మీద ఆటో వెనకే గల్లీలన్నీ తిరిగాడట. డ్రైవర్ ఆటో ఆపి, "ఏం భాయ్, చీర గావాల్నా?" అన్నాడట. ఆ క్రిస్మస్‌కు కరీంనగర్ కూడికలో నేను మైకులో భోజనాల వరుస చెబుతుంటే వెనక నుంచి వచ్చి, "మీరు చీరల ఆటో గదా?" అన్నాడు. చీరల ఆటో! కొట్టాలనిపించింది. నవ్వొచ్చి ఆగిపోయాను.

అప్పట్నుంచి అదొక అలవాటైంది. ఏ ఊళ్లో నా గొంతు ఆటో కనబడినా ఫోన్ చేసి, ఫోన్ ఆటో వైపు పెడతాడు. "విను, నువ్వే." ఎరువుల షాపైనా సరే, పంటి డాక్టరైనా సరే. నేను ఇక్కడ వింటే నేనూ చేస్తాను.

డ్యాం కట్ట మీద మొదటిసారి ఇద్దరమే నడిచిన సాయంత్రం చాలాసేపు ఏదో అడగబోయి మింగాడు. "ఏంది?" అన్నాను. "చెయ్యి పట్టుకోనా?" అన్నాడు. మక్కకంకులు కాల్చే ఆమెకు కూడా నవ్వొచ్చింది. "గిది గూడ అడుగుతరా ఎవలన్న?" అంటే, "అడుగకుంట ఎట్ల పట్టుకుంట?" అన్నాడు.

నేను పడిపోయింది అక్కడే. షిఫ్టు దిగి ఎంత స్నానం చేసినా ఆయన కనురెప్పల అంచుల్లో బొగ్గు పోదు, కాటుక పెట్టినట్టుంటుంది. దాని గురించి ఇంకో పేజీ రాయగలను. అవ్వ పిలుస్తోంది.

పెండ్లి ఫిబ్రవరి 27. లెంటు ఉపవాస దినాలు రాకముందే.

జనవరి 18, శనివారం

మందమర్రి వెళ్లి వచ్చాను. జాన్సన్ తనకిచ్చిన కంపెనీ క్వార్టర్ చూపించాడు. రెండు గదులు, వంటిల్లు, వెనక జామచెట్టు. కొత్తగా సున్నం వేశారు. బాగుంది.

తలనొప్పిగా ఉంది.

జనవరి 19, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. జ్వరమని చెప్పాను.

జనవరి 20, సోమవారం

అవ్వ నా పచ్చ డ్రెస్సు ఉతికింది. వీపంతా సున్నం. "గోడకు ఆనుకున్నవా బిడ్డా?" అంది. అవునన్నాను. అబద్ధం కాదు.

జనవరి 22, బుధవారం

ఫోన్ చేశాడు. మామూలుగానే మాట్లాడాడు. కుర్చీలు కొన్నాడట, ఎరుపు. "ఏందే, మాట్లాడుతలేవ్? గొంతు రెస్టుల వెట్టినవా?" అన్నాడు. నవ్వాను.

మంచివాడు. తాగడు. వాళ్లమ్మ పోయినప్పటి నుంచి ఇంట్లో వంట తనే చేస్తాడు. అలాంటి మనిషి గురించి నేను ఎందుకు ఇలా పరేషాన్ అవుతున్నానో తెలియడం లేదు. ఎవరికీ ఏమీ కాలేదు. పెండ్లి కాబోయేవాళ్లం. ఇంకో నెల తర్వాతైతే ఎవరూ ఏమీ అనరు కదా.

పైగా క్వార్టర్ పక్కన ఎవరిదో బోరు మోటరు నడుస్తోంది. ఆ చప్పుడులో నా మాట నాకే సరిగా వినబడలేదు. ఆయనకేం వినబడుతుంది? నేను గట్టిగా అనాల్సింది. అనలేదు. అంతే సంగతి. ఇక దీని గురించి రాయను.

జనవరి 24, శుక్రవారం

స్టూడియోలో విత్తనాల కంపెనీ ప్రచారం. ఎన్ని టేకులు తీసుకున్నానో. ఓంప్రకాశన్న హెడ్‌ఫోన్ తీసేసి అద్దం మీద కొట్టాడు. "ఏమైంది మహిమా? గిట్ల చెప్తె రైతులు ఇత్తనాలు కొనరు, ఏడుస్తరు. జర నవ్వు మొఖంతోని చెప్పు. మైకు లేకున్నా బస్టాండ్ దాంక వినవడే గొంతు నీది, ఏడవోయింది?"

సర్ది అన్నాను. శొంఠి టీ తెప్పించాడు. తాగుతుంటే ఏడుపొచ్చింది, టీ కారంగా ఉందన్నాను.

బస్టాండ్ దాకా వినబడే గొంతు. మధ్యలో ఒక బోరు మోటరు.

జనవరి 28, మంగళవారం

ఈ రోజు మొత్తం రాయాలి, లేకపోతే నిద్ర పట్టదు.

స్టూడియోకు రేవతి మేడం అనే వకీలు వచ్చింది. హుస్నాబాద్ ఆమె, ఇక్కడే కోర్టులో ప్రాక్టీసు. ఆడవాళ్ల సంస్థ ఒకటి చట్టం గురించి ఆటోల్లో ప్రచారం చేయిస్తోంది, కరీంనగర్ చుట్టూ, అటు మంచిర్యాల, ఆదిలాబాద్ దాకా. లైంగిక నేరాలు, సమ్మతి. ఆమె రాసుకొచ్చిన కాగితం నిండా సెక్షన్లే. ఓంప్రకాశన్న చదివి, "మేడం, గిది ఆటోల వెడితె డ్రైవరే దిగి ఉరుకుతడు" అన్నాడు. ఆమె నవ్వింది. "ఐతే నువ్వే చెప్పమ్మా, జనం మాటల ఎట్ల చెప్పాలె?" అని నా వైపు తిరిగింది.

కూర్చుని ఇద్దరం మార్చాం. నేను అడగడం, ఆమె చెప్పడం. చట్టంలో సమ్మతి అంటే మాటతోనో, సైగతోనో, ఇంకేదో రకంగానో ఆ పనికి ఇష్టమేనని స్పష్టంగా తెలియజేయడం. సొంత ఇష్టంతో. ఒంటితో ఎదిరించలేదన్న ఒక్క కారణం చూపి, ఒప్పుకున్నట్టే అనడానికి లేదు.

"ఎదిరించకున్నా గూడనా?" అన్నాను.

"ఎదిరించకున్నా గూడ. భయానికి కట్టెలెక్క బిగుసుకపోతరు మస్తుమంది. చట్టం గా మాట ఎర్కవెట్టుకునే రాసిండ్రు."

పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి అడిగాను. "ప్రధానమైనోల్లకు గూడ?"

ఆమెకు ప్రధానం అంటే తెలియలేదు. మా చర్చి నిశ్చితార్థం అని చెప్పాను. అయ్యగారు వచ్చి, ఇద్దరినీ అందరి ముందు సమ్మతమేనా అని అడిగి, ఉంగరాలు మార్పిస్తారని. మావాళ్లు దాన్ని సగం పెండ్లి అంటారని.

"సగం పెండ్లి అనేది చట్టంల లేదమ్మా," అంది. "ఆ ఫలానా పనికి అని ఉన్నది. ఉంగరానికి ఒప్పుకుంటే ఉంగరానికే."

"మరి పూర్తి పెండ్లైనంక?"

అప్పటిదాకా టకటకా చెప్పిన మనిషి ఆగింది. "పద్దెనిమిదేండ్లు నిండిన పెండ్లాం ఐతే, మొగడు బలవంతం చేసిన దాన్ని ఈ సెక్షన్ అత్యాచారం అనది. గృహహింస చట్టం ఉన్నది, అది వేరే తొవ్వ. ఇది మాత్రం మూసుకుంటది." తర్వాత నా ముఖం చూసి, గొంతు తగ్గించి, "నీ పెండ్లి ఎప్పుడమ్మా?" అంది. ఇంకా టైముందన్నాను.

రికార్డింగు ఒక్క టేకులో అయిపోయింది. నవ్వు మొఖం పెట్టమని ఓంప్రకాశన్న సైగ చేస్తే రేవతి మేడం అద్దం అవతల నుంచి వద్దని చెయ్యి ఊపింది. కాగితంలో లేని ఒక మాట నేనే కలిపాను. "ప్రధానమైనా, నిశ్చితార్థమైనా, వద్దు అంటే వద్దు అనే. విన్నాక ఆగకపోతే అది నేరం." ఆమె బాగుందంది.

ఇప్పుడు అది రాస్తాను. ఆ రోజు క్వార్టర్లో జాన్సన్ తలుపు దగ్గరికి వేశాడు. ముందు ముద్దు పెట్టుకున్నాడు, దానికి నేను ఏమీ అనలేదు, నాకూ ఇష్టమే. తర్వాత నాకు వద్దనిపించింది. వద్దు అన్నాను. ఆయన ఏమన్నాడో గుర్తు లేదు. మళ్లీ వద్దు అన్నాను. ఆగలేదు. ఆ తర్వాత నా నోట్లోంచి మాట రాలేదు, చేతులు కూడా ఆడలేదు. గోడ చల్లగా తడిగా ఉండటం మాత్రం తెలుసు. అయిపోయాక మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. బస్సు ఎక్కించాడు. కిటికీ దగ్గర సీటు పట్టాడు.

వినబడలేదేమో. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. వినబడలేదేమో. ఆటో మందమర్రి కూడా వెళ్తుంది. అందులోనైనా వింటాడు. నా గొంతు ఎక్కడున్నా గుర్తుపడతాడు కదా. విని, ఆ రోజు గుర్తొచ్చి, ఫోన్ చేస్తాడు. "మహిమా, నువ్వు వద్దన్నవా ఆనాడు? నాకు వినవడలే" అంటాడు. ఆ ఒక్క మాట అంటే చాలు. నేను ఏడ్చేస్తాను, అంతా సర్దుకుంటుంది. ఎరుపు కుర్చీల్లో కూర్చుంటాం.

ఫిబ్రవరి 2, ఆదివారం

మొదటి ప్రకటన చదివారు. మా చొప్పదండి చర్చికి బాపే సెక్రటరీ. తనే రాసిన చీటీ, తనే అయ్యగారి చేతికిచ్చి, చొక్కా సర్దుకుని కూర్చున్నాడు. "తోమాసు గారి కుమార్తె మహిమకును, మందమర్రి సంఘస్థుడైన జాన్సన్‌కును వివాహము నిశ్చయమైనది. దీనికి న్యాయమైన ఆటంకమేదైనా ఎరిగినవారు ఇప్పుడే తెలుపవలెను. ఇది మొదటి ప్రకటన."

ఎవరైనా లేచి చెప్పడానికి, అయ్యగారు అడగడానికీ ఒకసారి దగ్గడానికీ మధ్య ఉన్నంతే సమయం. మా సంఘంలో ఇంతవరకూ ఎవరూ లేవలేదు. ఒక్కసారి కోతి వచ్చి కానుకల సంచి ఎత్తుకుపోయింది, అది కూడా వేరేవాళ్ల ప్రకటనలో.

ఇలా మూడు ఆదివారాలు ఊరందరినీ అడుగుతారు. నన్ను అడగరు. నన్ను ప్రధానం రోజే అడిగేశారు.

ఫిబ్రవరి 5, బుధవారం

ఆటోలు బయల్దేరాయి. కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర నా గొంతు నాకే ఎదురొచ్చింది. టమాటలు ఏరుతున్న ఒకామె చెయ్యి ఆపి చివరిదాకా విన్నది. నేను ఫోన్ తీసి జాన్సన్‌కు కలిపి ఆటో వైపు పెడదామనుకున్నాను. పెట్టలేదు. తనంతట తనే వినాలి.

ఫిబ్రవరి 7, శుక్రవారం

ఫోన్ రాలేదు. షిఫ్టు మారి ఉంటుంది.

ఫిబ్రవరి 8, శనివారం

వచ్చింది. పెండ్లి సూటు గుడ్డ రంగు గురించి. ఆటో సంగతి ఎత్తలేదు. ఇంకా అటు వెళ్లలేదేమో.

నాకు ఆయన కావాలి. సిగ్గు విడిచి ఇక్కడైనా రాసుకోవాలి. ఆయన పక్కన నడవాలనుంది. ఆ బొగ్గు కాటుక చూడాలనుంది. డ్యాం కట్ట మీద అడగడానికి భయపడి మింగిన ఆ మనిషి కావాలి. ఆయన కోసం గుండె కొట్టుకుపోతోంది, క్వార్టర్ గుర్తొస్తే మాత్రం ఫోన్ బోర్లా పెట్టేస్తున్నాను. రెండూ ఒకే మనిషి గురించి ఎలా అవుతాయో నాకు తెలియదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

రెండో ప్రకటన. అయ్యగారు దగ్గారు.

ఇంటికొచ్చాక పప్పు పోపు పెడుతున్న అవ్వను అడిగాను. "అవ్వా, పెండ్లికూతురే ఆటంకం జెప్పొచ్చునా?"

అవ్వ గరిటె ఆపింది. "ఏం మాటలే అవి? ప్రధానమైతె సగం పెండ్లైనట్టే. బాపు ఇజ్జత్ ఏంగావాలె?" గరిటె మళ్లీ తిప్పుతూ, నా వైపు చూడకుండానే, "ఏమన్న అన్నడా పిలగాడు?" అంది.

ఏమీ అనలేదన్నాను. ఎల్లిపాయ మాడింది.

ఫిబ్రవరి 11, మంగళవారం

విన్నాడు!

మధ్యాహ్నం ఫోన్ చేశాడు. వెనక ఆటో మోత. "విను, నువ్వే!" ఫోన్ అటు పెట్టాడు. నేను నా గొంతే విన్నాను. "...మౌనం సమ్మతి కాదు. నిన్న ఒప్పుకున్నంత మాత్రాన ఇవాళ ఒప్పుకున్నట్టు కాదు. ప్రధానమైనా, నిశ్చితార్థమైనా..." చివరి మాట దాకా పెట్టాడు. తర్వాత ఫోన్ తన వైపు తిప్పుకున్నాడు. నేను ఎదురుచూశాను.

"అబ్బ! ఏం గొంతే నీది. మా కాలనీల అందరికి చెప్పిన, గా గొంతు నా పెండ్లాందే అని. ప్రధానం ముచ్చట గూడ వెట్టినవ్, మస్తున్నది. మనోల్లందరు నవ్విండ్రు."

"ఇంకేం అనిపించలేదా?" అన్నాను.

"ఏమనిపియ్యాలె? జర ఎకో తక్కువ వెట్టమను మీ అన్నను."

ఫిబ్రవరి 13, గురువారం

సూటు కొలతలకు కరీంనగర్ వచ్చాడు. డ్యాం కట్టకు వెళదామన్నది నేనే. అదే కట్ట, అదే మక్కకంకుల ఆమె. రెండు కాల్పించాడు, నిమ్మకాయ ఎక్కువ రాయించాడు, నాకు ఇష్టమని గుర్తుంది. కనురెప్పల్లో బొగ్గు ఉంది. నేను ఆ కళ్లు చూస్తూ అడిగాను, చూడకుండా అడిగితే ధైర్యం చాలదని.

"జాన్సన్, ఆ రోజు క్వార్టర్ల నేను వద్దన్న. నీకు వినవడ్డదా?"

వినబడలేదు అను. ఒక్కసారి అను. బోరు మోటరు ఉండె అను.

"వినవడ్డది," అన్నాడు, కంకి కొరుకుతూ. "జవాబు గూడ జెప్పిన గదా, ప్రధానమైంది ఇగ ఎందుకు ఒద్దు అని."

నాకు గుర్తుంది. మొదటి నుంచీ గుర్తుంది. గుర్తు లేదని రాశాను, అంతే.

"మరి ఎందుకు ఆగలే?"

"ఆడోల్లు ముందుగాల ఒద్దనే అంటరు గదనే. నిజంగ ఇష్టం లేకుంటె ఒర్రకపోతివా? మైకు గొంతు నీది. ఆటోల చెప్తివి గదా ఊరంత వినవడేటట్టు."

"రెండుసార్లు చెప్పిన. నువ్వు ఒక్కనివి వింటె చాలనుకున్న."

అతని ముఖం కొంచెం మారింది. కంకి పక్కన పెట్టాడు. "ఏడ్వకు. నేనేమన్న ఇడిసిపెట్టి పోయిన్నా? పెండ్లి జేస్కుంటున్న గదా. ఇరవై ఏడు తారీకు దాటితే ఎవలను అడిగేదున్నది చెప్పు? నా పెండ్లానివి."

"తప్పైందని ఒక్కమాట అను జాన్సన్. నీ కాల్మొక్కుత."

"తప్పు జేసినోడు గదా తప్పనేది," అన్నాడు. కోపంగా కాదు. నెమ్మదిగా, నాకు తెలియనిది నేర్పిస్తున్నట్టు.

బస్టాండ్‌కు బయల్దేరేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు. అడగలేదు. ప్రధానమైన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా అడగలేదని అప్పుడు గమనించాను. చెయ్యి వెనక్కి తీసుకుంటే, "అలిగినవా?" అని నవ్వాడు.

బస్సులో ఏడుస్తూ వచ్చాను. కోపానికి ఇక్కడ "వాడు" అని రాద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

రేవతి మేడంకు ఫోన్ చేసి చెప్పాను. అంతా. ఆమె ఆశ్చర్యపోలేదు. కంప్లెయింటు కరీంనగర్‌లోనే ఇవ్వొచ్చట, జరిగింది మందమర్రిలోనైనా సరే, ఏ ఠాణాలో ఇచ్చినా అటు పంపాలట. రాసుకునేది ఆడ ఆఫీసరే అయి ఉండాలి. రోజులు గడిచాయి కాబట్టి కేసు కష్టం కావచ్చు, తేలకపోవచ్చు, ఆ సంగతీ దాచలేదు.

"నేనేం చెయ్యాలె మేడం?"

"గది నేను జెప్తె మల్ల నీ ఇష్టం ఏడుంటది? చెయ్యాలనుకుంటె నీ ఎంబడి నేనుంట. వద్దనుకున్నా నా ఫోన్ ఎత్తు."

ఫిబ్రవరి 15, శనివారం

పెండ్లి చీరకు ఫాల్ కుడుతూ కూర్చుంది అవ్వ. నేను ఎదురుగా కింద కూర్చుని చెప్పాను. తల ఎత్తలేదు. సూది మాత్రం ఆగింది.

"వద్దన్నవా?"

"అన్న. రెండుసార్లు."

చీర మడత ఒళ్లో సర్దుకుంది. "సున్నం జూసిన్నాడే నాకు సమజైంది బిడ్డా. సమజుగానట్టు ఉతికిన. నీల్లు వోసినకొద్ది అది పోకపాయె. ప్రధానమైంది గదా, ఇంకెన్ని దినాలు, ఓపిక వడుతది అనుకున్న. నేను ఓపిక వట్టలేనా అనుకున్న."

చివరి మాట ఎవరి గురించి అందో అడగలేదు. ఇద్దరం ఏడ్చాం. తర్వాత అవ్వ ఫాల్ కుట్టిన దారం పంటితో కొరికి, లాగి, కుట్టినంత మేరా విప్పేసింది.

ఫిబ్రవరి 16, ఆదివారం

మూడో ప్రకటన.

బాపుకు ముందే చెప్పాలనుకున్నాను. చెప్పలేకపోయాను. తను ఎప్పటిలాగే చీటీ అయ్యగారికిచ్చి కూర్చున్నాడు. అయ్యగారు చదివారు. "...ఇప్పుడే తెలుపవలెను." దగ్గడానికి పిడికిలి నోటి దగ్గర పెట్టుకున్నారు.

లేచాను. గొంతు వణకలేదు. "నాకున్నది అయ్యగారూ."

జనం తిరిగి చూశారు. అయ్యగారు చీటీలోకీ నా ముఖంలోకీ చూశారు. "ఏమున్నది మహిమా?"

"ఆటంకం. ఈ పెండ్లి నాకు సమ్మతం గాదు."

"ప్రధానం దినమున నీవే ఒప్పుకొంటివి కదమ్మా?"

"ఆనాడు మీరు అడిగిండ్రు, ఔనన్న. తర్వాత నేను వద్దన్న దినం ఒకటున్నది. ఆయన విన్నడు. విని గూడ ఆగలే."

ఇంతకంటే చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది. ఆడవాళ్ల చాపల మీద ఎవరో "అయ్యో దేవా" అన్నారు. అవ్వ లేచి నా పక్కన నిలబడింది. అయ్యగారికి ఏం చేయాలో తోచలేదు, ఇలాంటి దానికి వాళ్ల ఆరాధన పుస్తకంలో వరుస లేదు. అప్పుడు బాపు లేచాడు. నన్ను కొడతాడనుకున్నాను. నెమ్మదిగా ముందుకు వెళ్లి, అయ్యగారి చేతిలోంచి ఆ చీటీ తీసుకుని, మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. బయటికి నడిచాడు.

బాపు ఇంట్లో అన్నం తినలేదు. నాతో మాట్లాడలేదు.

జాన్సన్ ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. ఎత్తలేదు. ఎవరో చెప్పి ఉంటారు. స్క్రీన్ మీద అతని పేరు వెలిగిన ప్రతిసారీ గుండె ఒకసారి ఎగురుతోంది. ఇంకా ఎగురుతోంది. దాన్నేం చేయను?

ఫిబ్రవరి 17, సోమవారం

పొద్దున ఠాణాకు బయల్దేరుతుంటే బాపు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చెప్పులు వేసుకునే ఉన్నాడు.

"నేను గూడ రావాల్నా బిడ్డా?" అన్నాడు. "వస్తనంటలే. అడుగుతున్న."

బాపు ముందు ఆ మాటలు నేను చెప్పలేను. "వద్దు బాపూ. అవ్వ వస్తది."

"సరే," అని చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. బస్సు ఖర్చులకు అవ్వ చేతిలో ఏదో పెట్టాడు.

ఠాణాలో రేవతి మేడం ముందే వచ్చి కూర్చుంది. ఆడ ఎస్సై చిన్నామె, నా వయసే ఉంటుంది. మొదట గొంతు తగ్గించి మొదలుపెట్టాను. "జర గట్టిగ చెప్పమ్మా," అంది. చెప్పాను. మధ్యలో రెండుసార్లు ఆగితే, ఆమె కూడా రాయడం ఆపి, నేను మొదలుపెట్టేదాకా చూసింది. పచ్చ డ్రెస్సు సంగతి వచ్చినప్పుడు అవ్వ కుర్చీలోంచి లేచి నిలబడింది. "సున్నం నేను గడిగిన మేడం. నా చేతులతోనే గడిగిన. అది గూడ రాసుకోండ్రి."

రాసుకుంది. చదివి వినిపించింది. సంతకం పెట్టాను. ఇంకా చాలా ఉందని, డాక్టరు దగ్గరికి, మెజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లాలని రేవతి మేడం చెప్పింది. సరేనన్నాను.

బయటికి వచ్చి బస్సు కోసం నిలబడ్డాం. ఎండ మొదలైంది. మూల మలుపు నుంచి ఆటో వచ్చింది, నా గొంతుతో. "...వద్దు అంటే వద్దు అనే..." ఓంప్రకాశన్న ఎకో తగ్గించలేదు. అవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుని, "నువ్వే గదా బిడ్డా" అంది.

నా చెయ్యి బ్యాగులోకి వెళ్లింది. ఫోన్ తీసింది. వేలు దానంతటదే అతని పేరు దగ్గరికి పోయింది. ఆటో వైపు పెట్టి "విను, నేనే" అనడానికి. అలవాటు. ఆటో పోయేదాకా ఆ పేరు మీద వేలు అలాగే ఉంచి నిలబడ్డాను. డ్యాం కట్ట మీద చెయ్యి అడిగిన ఆ పిలగాడు ఎక్కడో ఉంటే, ఒక్కసారి వాడికి వినిపించాలనిపించింది.

ఆటో మలుపు తిరిగింది. ఫోన్ బ్యాగులో వేసుకున్నాను. చొప్పదండి బస్సు వచ్చిందని అవ్వ పిలిచింది.